10.73 ఒకవైపు, 41.78 ఒకవైపు

"అరోన్ పేరు ఇందులో ఎందుకుందయ్యా?" అని వదిన అడగ్గానే, ఈ ఆదివారం మధ్యాహ్నం కునుకు తీసే యోగం లేదని మరిదికి అర్థమైపోయింది.

మరిది ఒక దినపత్రిక క్రీడా విభాగంలో పనిచేస్తాడు. అందీ అందని కిరీటాల మీద ఒక ప్రత్యేక పేజీ సిద్ధం చేస్తున్నాడు. తరానికి ఒకరిగా పేరు తెచ్చుకుని, తీరా చూస్తే ఆ పేరుకు తగ్గ పతకం లేకుండా వెళ్లిపోయిన క్రీడాకారుల జాబితా అది. వదిన జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైరయ్యారు. జోనల్ మీట్లకు ఆడపిల్లల రిలే జట్లను తయారు చేయడంలోనే ఆమె ఉద్యోగకాలంలో మంచి భాగం గడిచింది. ప్రింటవుట్ మీద నాలుగో పేరు దగ్గర ఆమె వేలు ఆగింది. క్రిస్టీన్ అరోన్, ఫ్రాన్స్.

"ఎందుకేమిటి వదినా? 1998 ఆగస్టు 19, బుడాపెస్ట్. యూరోపియన్ చాంపియన్‌షిప్స్‌లో వంద మీటర్లు 10.73 సెకన్లలో పరిగెత్తింది. ఆ రోజుకి ప్రపంచం మొత్తం మీద అంతకన్నా వేగంగా పరిగెత్తిన ఆడవాళ్లు ఇద్దరే, ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్, మేరియన్ జోన్స్. యూరప్‌లో ఆ రికార్డుని ఈ రోజుకీ ఎవరూ తాకలేదు. అలాంటి మనిషికి ప్రపంచ టైటిల్ లేదు. ఒలింపిక్స్ సంగతి సరేసరి. ఇది అందని కిరీటం కాకపోతే ఇంకేమిటి?"

"ప్రపంచ టైటిల్ లేదని ఎవరన్నారు? 2003 పారిస్ సంగతి ఏం చేశావు?"

"అది రిలే కదా!"

ఆ 'కదా' దగ్గరే అసలు గొడవ మొదలైంది.

అరోన్ పుట్టింది 1973 సెప్టెంబరు 13న, కరీబియన్ సముద్రంలోని గ్వాదెలూప్ దీవిలో, లెజ్ అబీమ్ అనే ఊళ్లో. దీవి ఉన్నది అట్లాంటిక్‌కి అవతల, పాలన మాత్రం ఫ్రాన్స్‌ది. ఫ్రెంచి పరుగుల చరిత్రలో ఆ చిన్న దీవి వాటా చాలా పెద్దది. 1992లో 400 మీటర్లలోనూ, 1996లో 200, 400 మీటర్లు రెండింటిలోనూ ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన మరీ జోజే పెరెక్ అక్కడి పిల్లే. అట్లాంటాలో వంద మీటర్ల హర్డిల్స్ కాంస్యం తెచ్చిన పాట్రీసియా జిరార్ కూడా అక్కడి మనిషే. అరోన్ ఎదిగింది ఒకప్పుడు పెరెక్‌కి శిక్షణనిచ్చిన జాక్ పియసెంటా చేతికింద.

మరిది మొదటి బాణం అక్కడి నుంచే వేశాడు. ఇద్దరిదీ ఒకే దీవి, ఒకే కోచ్ చేతిమీదుగా నడిచిన బాట. పెరెక్‌కి ఒలింపిక్ స్వర్ణాలు మూడు, మూడూ ఒంటిచేత్తో గెలిచినవి. అరోన్ మూడు ఒలింపిక్స్‌లో వంద మీటర్లకు దిగింది. సిడ్నీ, ఏథెన్స్, బీజింగ్, ఒక్కచోటా ఫైనల్ మెట్టెక్కలేదు. పేరున్న మనిషిని కొలవడానికి ఒలింపిక్ ఫైనల్ కన్నా మంచి కొలబద్ద ఉందా అని అతని ప్రశ్న.

వదిన పెన్ను తీసుకుని ప్రింటవుట్ వెనకపేజీ మీద రెండు అంకెలు రాశారు. 10.97. 10.98.

"ఈ రెంటిలో ఏది మేలు?"

"10.97."

"1999 సెవిల్ ప్రపంచ పోటీల ఫైనల్లో అరోన్ 10.97 పరిగెత్తి ఆరో స్థానంలో వచ్చింది. 2005 హెల్సింకీలో 10.98 పరిగెత్తి కాంస్యం మెడలో వేసుకుంది. తగ్గి పరిగెత్తినందుకు పతకం, పెరిగి పరిగెత్తినందుకు ఆరో స్థానం. నీ కొలబద్ద కొలుస్తున్నది ఆమె పరుగునా, పక్క లేన్లలో ఎవరున్నారన్న సంగతినా?"

ఈ లెక్క మరిదికి తెలియనిది కాదు. సెవిల్‌లో ముందున్న ఐదుగురూ 10.70 నుంచి 10.95 మధ్య వచ్చారు. వంద మీటర్ల చరిత్రలో అంత బలమైన ఫైనల్స్ తక్కువ. హెల్సింకీలో గెలుపు 10.93కే దొరికింది. బుడాపెస్ట్ పరుగే గనక ఆ రోజు మళ్లీ పరిగెత్తి ఉంటే అరోన్ అందరికన్నా మీటరున్నర పైన ముందుండేది. అదే హెల్సింకీలో 200 మీటర్లలోనూ ఆమెకు కాంస్యమే. రజతం గెలిచిన అమెరికన్‌కీ ఆమెకీ బోర్డు మీద కనిపించిన సమయం ఒకటే, 22.31.

"అందుకే అందని కిరీటం అంటున్నా" అన్నాడు మరిది. "1997 ఏథెన్స్‌లో నాలుగో స్థానం. 1999లో ఆరు. 2005లో మూడు. ప్రతిసారీ దగ్గరికొచ్చి ఆగిపోయింది. దాన్ని అదృష్టం అనండి, ప్రత్యర్థుల బలం అనండి, పేజీలో పేరు ఉండాల్సిందే. ఇంకో మాట వదినా, ఆ రోజుల్లో ఆమెతో పోటీపడ్డ వాళ్లలో డోపింగ్‌లో దొరికినవాళ్లు ఉన్నారు. 2003లో గెలిచిన కెల్లీ వైట్ మరుసటేడు నిషేధానికి ఒప్పుకుంది. మేరియన్ జోన్స్ 2007లో నోరు విప్పింది. అయినా ఆ సాకు మీద ఆమెకి నేను కొత్త పతకం రాసివ్వలేను."

"నేనూ రాయమనడం లేదు. రాసి ఉన్నదాన్ని చదవమంటున్నా."

వదిన వాదం మొత్తం ఒక లోపం మీద నిలబడి ఉంది. అరోన్ స్టార్ట్ బాగుండదు. ఐదడుగుల తొమ్మిదిన్నర అంగుళాల మనిషి, పొడవాటి కాళ్లు. తుపాకీ పేలాక బ్లాక్స్ మీంచి లేచి, ఒళ్లు నిటారుగా సర్దుకుని, అడుగులు సాగే సరికి పొట్టివాళ్లు, చురుకైనవాళ్లు ఓ అడుగు ముందుంటారు. ఆమె పరుగు అందం కనిపించేది సగం దాటాకే. వంద మీటర్లు చిన్న దూరం కాబట్టి, మొదటి సగంలో పోయింది రెండో సగంలో రాబట్టుకోవడానికి చోటు చాలదు.

"ఆ లోపాన్ని మాయం చేసే పోటీ ఒక్కటే ఉంది. నాలుగు వందల రిలేలో మొదటి లెగ్ తప్ప మిగిలిన మూడూ కదులుతూ మొదలవుతాయి. తుపాకీ లేదు, బ్లాక్స్ లేవు. లే, నిలబడు."

టీపాయ్ మీది పత్రికను వదిన గట్టిగా చుట్టారు. మరిదిని గోడవైపు తిప్పి నిలబెట్టారు. మొదటి లెగ్ మలుపులో పరిగెత్తే పిల్ల బ్యాటన్ కుడిచేత పట్టుకుని లేన్ లోపలి అంచు వెంబడి వస్తుంది. రెండో పిల్ల ఎడమచేత అందుకుని తిన్నటి దారిలో వెళ్తుంది. మూడో పిల్ల మళ్లీ మలుపు కాబట్టి కుడిచేత అందుకుంటుంది. నాలుగో పిల్లకు ఎడమచెయ్యి. మధ్యలో ఎవరూ చెయ్యి మార్చుకోకూడదు, మార్చుకుంటే అడుగు తప్పుతుంది.

"నువ్వు నాలుగో లెగ్. వెనక నేల మీద టేపు ముక్క అంటించి ఉంటుంది, అదే చెక్ మార్క్. మూడో పిల్ల కాలు ఆ మార్క్ మీద పడగానే నువ్వు బయల్దేరాలి. బయల్దేరాక ఇక వెనక్కి చూడవు. కేక వినగానే ఎడమచెయ్యి వెనక్కి చాపాలి, అరచెయ్యి కదలకూడదు. ఊఁ, చాపు."

మరిది చెయ్యి చాపాడు. చాపుతూ తల వెనక్కి తిప్పాడు.

"చూశావు! పోయింది జట్టు" అన్నారు వదిన, పత్రికతో అతని మోచేతి మీద ఒకటిచ్చి. "వెనక్కి చూసేవాడి భుజం తిరుగుతుంది, చెయ్యి పక్కకి జరుగుతుంది. అప్పుడు ఇచ్చేవాళ్లు గాల్లో వెతుక్కోవాలి. మా పిల్లలకు ఈ ఒక్క ముక్క ఒంటబట్టించడానికి నాకు సీజనంతా పట్టేది."

2003 ఆగస్టు 30న స్టాడ్ ద ఫ్రాన్స్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్స్ మహిళల రిలే ఫైనల్. భారతీయులకు గుర్తుండే రోజు కూడా అదే. ఆ రోజే, ఆ మైదానంలోనే అంజూ బాబీ జార్జ్ 6.70 మీటర్లు దూకి ప్రపంచ అథ్లెటిక్స్‌లో భారత్‌కు మొదటి పతకం తెచ్చింది. రిలేలో ఫ్రాన్స్ తరఫున మొదటి లెగ్ హర్డిల్స్ మనిషి పాట్రీసియా జిరార్, రెండోది అంతకు ముందేడు 200 మీటర్లలో యూరప్ చాంపియన్ అయిన మురియెల్ ఉర్తిస్, మూడోది సిల్వియాన్ ఫెలిక్స్, ఆఖరుది అరోన్. అమెరికా ఆఖరి లెగ్ టోరీ ఎడ్వర్డ్స్‌ది. చివరి మార్పిడి దగ్గర ఎడ్వర్డ్స్‌ది స్పష్టమైన ఆధిక్యం. అక్కడినుంచి అరోన్ ఒక్కో అడుగూ లాక్కుంటూ వచ్చి, గీత దగ్గర ఆమెను దాటేసింది. ఫ్రాన్స్ 41.78, అమెరికా 41.83.

"ఎడ్వర్డ్స్ ఎవరు? ఆ వారంలోనే వంద మీటర్ల ఫైనల్లో రెండోది వచ్చిన మనిషి. కెల్లీ వైట్ పేరు కొట్టేశాక ఆ ఏటి వంద మీటర్ల ప్రపంచ చాంపియన్‌గా రికార్డు పుస్తకంలో ఉన్నది ఆవిడే. ఆమెను వెనకనుంచి వచ్చి దాటింది అరోన్. వంద మీటర్ల కిరీటం అందలేదంటావు. ఆ కిరీటం ఉన్న మనిషిని మరి ఎక్కడ ఓడించింది?"

మరిది కుర్చీలో కూలబడ్డాడు కానీ వదల్లేదు. అతని లెక్కలు అతనికీ ఉన్నాయి.

"41.78ని నాలుగుతో భాగించండి వదినా. 10.445 వస్తుంది. గ్రిఫిత్ జాయ్‌నర్ ప్రపంచ రికార్డు 10.49. అంటే ఈ నలుగురూ సగటున ఆవిడకన్నా వేగం అన్నమాట! ఎవరైనా నమ్ముతారా? కదులుతూ మొదలెట్టడం వల్ల వచ్చే లాభం అది. రిలే సమయాలు పెట్టి ఒక మనిషి గొప్పతనం కొలవలేం. ఇంకోటి చెబుతాను, మీకు నచ్చదు. 2002లో ఆవిడ తల్లయింది, ఆ సీజన్ లేదు. అదే ఏడు మ్యూనిక్‌లో యూరోపియన్ రిలే స్వర్ణం ఎవరిది? ఫ్రాన్స్‌దే. దెల్ఫీన్ కోంబ్, ఉర్తిస్, ఫెలిక్స్, ఒదియా సిదిబే, 42.46. ఆమె లేకపోయినా జట్టు గెలిచింది. మరి జట్టు స్వర్ణాన్ని ఆమె ఖాతాలో ఎలా వేస్తారు?"

ఇది గట్టి దెబ్బే. వదిన ఒక నిమిషం మాట్లాడలేదు.

"నచ్చకపోవడమేం, నువ్వు నా మాటే చెబుతున్నావు" అన్నారు చివరికి. "ఫ్రాన్స్‌లో రిలే ఒక విద్య. ఒకరి మీద ఆధారపడింది కాదు. 1990 గుర్తుందా? మగవాళ్లది."

1990 సెప్టెంబరు 1న స్ప్లిట్‌లో జరిగిన యూరోపియన్ చాంపియన్‌షిప్స్‌లో మాక్స్ మోరినియేర్, డానియెల్ సాంగూమా, జాన్ షార్ల్ త్రువాబాల్, బ్రూనో మరీ రోజ్ 37.79 సెకన్లలో ప్రపంచ రికార్డు పెట్టారు. 1984 లాస్ ఏంజిలెస్‌లో కార్ల్ లూయిస్ ఉన్న అమెరికా జట్టు పెట్టిన 37.83ని చెరిపేశారు. ఆ నలుగురిలో వంద మీటర్లు పది సెకన్ల లోపు పరిగెత్తినవాడు ఒక్కడూ లేడు. అసలు ఆ హద్దు దాటిన మొదటి ఫ్రెంచివాడు రొనాల్డ్ పోన్యోన్, అదీ 2005లో, 9.99తో. పది సెకన్ల మనిషి దేశంలో పుట్టడానికి పదిహేనేళ్ల ముందే వాళ్ల రిలే జట్టు ప్రపంచ రికార్డు రాసింది. ఏడాది తిరక్కుండానే అమెరికా దాన్ని చెరిపేసిందన్నది వేరే సంగతి.

"పది సెకన్ల వాళ్లు నలుగురున్న అమెరికా ఎన్నిసార్లు బ్యాటన్ పడేసుకుందో నీ పేజీలోనే చదివాను" అన్నారు వదిన. "కాబట్టి రిలే అంటే నాలుగు వంద మీటర్ల పరుగుల కూడిక కాదు. మూడు మార్పిడులు కూడా. నువ్వు సగటు తీస్తే ఆ మూడూ లెక్కలోంచి జారిపోతాయి. మ్యూనిక్ జట్టు గెలవడం వల్ల అరోన్ విలువ తగ్గలేదు. మ్యూనిక్‌లో 42.46, పారిస్‌లో 41.78. తేడా అంతా ఆవిడదే అనను. కానీ వెనకబడి ఉన్నప్పుడు ఆఖరి లెగ్‌లో ఎవరుండాలో ఆ జట్టు కోచ్‌కి తెలుసు."

మరిది అక్కడ పట్టుకున్నాడు. "సరే, మార్పిడి కూడా విద్యే. ఏథెన్స్‌లో 2004 ఒలింపిక్ కాంస్యం? అమెరికా అమ్మాయిలు మేరియన్ జోన్స్, లారిన్ విలియమ్స్ మధ్య బ్యాటన్ సరిగా చేతులు మారకపోతే, జమైకా, రష్యా తర్వాత ఫ్రాన్స్ 42.54తో మూడోది వచ్చింది. ఎదుటివాడు పడితే దొరికిన పతకం అది."

"నలుగురు పిల్లలు బ్యాటన్ పడకుండా గీత దాటించారు. దానికే పతకం."

"మరి సిడ్నీ?"

సిడ్నీ పేరు వినగానే వదిన ముఖం మారింది. అది ఆమె పక్షం కథే అయినా చేదుకథ. 2000లో ఫ్రాన్స్ 42.42తో నాలుగో స్థానం. బహమాస్, జమైకా, అమెరికా ముందున్నాయి. జోన్స్ డోపింగ్ ఒప్పుకున్నాక ఆమె జట్టు మొత్తం కాంస్యాలను ఒలింపిక్ కమిటీ 2008లో వెనక్కి తీసుకుంది. ఫ్రాన్స్ జట్టుకు పతకం వస్తుందన్న ఆశ పుట్టింది. కానీ అప్పటి నిబంధనల్లో ఒకరి తప్పుకి జట్టు మొత్తాన్ని శిక్షించే వీలు లేదని, మిగతా అమెరికన్ల పక్షాన 2010లో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం తీర్పు చెప్పింది. నాలుగోది నాలుగోగానే మిగిలింది.

"చూశారా, జట్టులో ఉంటే గెలుపులో వాటా ఉన్నట్టే నష్టంలోనూ వాటా ఉంటుంది. ఒంటరి పరుగులో ఈ తలనొప్పులు లేవు. మీరు తుపాకీ విన్నారు, పరిగెత్తారు, గడియారం ఆగింది. ఎంత వచ్చిందో అంతే మీరు. అందుకే నేను గడియారం పక్షం."

"అయితే గడియారం మాటే విను" అన్నారు వదిన. "10.73 రాసుకున్న గడియారం అది. 1994 నుంచి ఇరీనా ప్రివలోవా పేర నిలిచిన 10.77 రికార్డుని నాలుగు వందో వంతులు కోసేసింది. ఆ రోజు రెండోది వచ్చిన మనిషి కూడా ప్రివలోవాయే, 10.83. ఆ తర్వాత ఇరవయ్యేళ్ల పైచిలుకు యూరప్ అంతా వెతికినా, దగ్గరగా వచ్చింది 2004లో బల్గేరియా అమ్మాయి ఇవెట్ లలోవా 10.77. ఈ తరం మేటి డీనా యాషర్ స్మిత్‌ది 10.83. గడియారం పక్షాన ఉన్నవాడివి ఆమెను ఓడిపోయిన వాళ్ల జాబితాలో ఎలా పెట్టావు?"

ఈసారి నవ్వింది మరిది. వదిన తనంతట తానే అతని పెరట్లోకి నడిచి వచ్చారు.

"అదే నా ప్రశ్న వదినా! స్టార్ట్ బాగుండదు, అందుకే రిలేలో మెరిసిందన్నారు. మరి 10.73 కదులుతూ మొదలెట్టింది కాదే. బ్లాక్స్ మీంచి, తుపాకీ విని, ఒంటరిగా పరిగెత్తింది. గాలి కూడా సరిగ్గా సెకనుకు 2.0 మీటర్లు, నిబంధన ఒప్పుకునే ఆఖరి గీత మీద. ఆ రోజు అన్నీ కుదిరాయి. అలా పరిగెత్తగలిగిన మనిషి ప్రపంచ ఫైనల్లో, ఒలింపిక్స్‌లో ఒక్కసారి కూడా దాని దరిదాపుల్లోకి రాలేదు. లోటు ఉంది. రిలే స్వర్ణం ఆ లోటుని పూడ్చదు, దాని పక్కన నిలబడుతుంది అంతే."

వదిన ఒప్పుకున్నారు. సగం. "లోటు ఉంది, కాదనను. 1998లో ప్రపంచ పోటీలు లేకపోవడం ఆమె ఖర్మ. ఆ ఏడు యూరప్ ఉత్తమ అథ్లెట్‌గా ఎన్నికైంది, అంతటితో సరి. కానీ 'అది రిలే కదా' అన్నావు చూడు, ఆ మాట వెనక్కి తీసుకో. వంద మీటర్లలో ఓడినవాళ్లకి రిలే ఓదార్పు బహుమతి కాదు. మన పిల్లలకు ఆ మాట ఎంత చేటు చేస్తుందో నీకు తెలీదు. పారిస్ ఒలింపిక్స్‌లో, ఆ స్టాడ్ ద ఫ్రాన్స్‌లోనే, మన తణుకు అమ్మాయి దండి జ్యోతికశ్రీ పరిగెత్తింది. దేనిలో? నాలుగు ఇంటూ నాలుగు వందల రిలేలో. మన ఊళ్ల పిల్లలకు ఒలింపిక్ ట్రాక్ ఎక్కడానికి చాలాసార్లు దొరికే దారి జట్టే. ఆ దారిని తక్కువ చేసి రాస్తే రేపు ఏ పీఈటీ బ్యాటన్ పట్టిస్తుంది?"

దీనికి మరిది దగ్గర జవాబు లేదు. ఉన్నది ఒక ఇబ్బంది మాత్రమే. పేజీలో ఒక్కో క్రీడాకారుడికి కేటాయించింది ఆరు వాక్యాలు. అరోన్ పేరు తీసేస్తే ఖాళీ. ఉంచితే వదిన.

చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. అరోన్ పేరు జాబితాలో ఉంటుంది, కానీ 'ప్రపంచ టైటిల్ లేదు' అన్న మాట ఉండదు. 'వంద మీటర్లలో ప్రపంచ టైటిల్ లేదు' అని ఉంటుంది. 10.73 గురించి ఒక వాక్యం, ఏథెన్స్ కాంస్యం గురించి ఒకటి, హెల్సింకీలో రెండు కాంస్యాల గురించి ఒకటి. వదిన పెట్టిన షరతు ఒక్కటే. రిలే రాసినప్పుడల్లా ఆఖరున గీత దాటిన మనిషి పేరు ఒక్కటే వేసి ఊరుకోకూడదు. చోటు సరిపోదని మరిది గొణిగితే, రెండు విశేషణాలు తీసెయ్, చోటు అదే వస్తుందన్నారు.

అచ్చయిన పేజీలో ఆరో వాక్యం ఇలా ఉంది: 2003 పారిస్ ప్రపంచ చాంపియన్‌షిప్స్ నాలుగు వందల మీటర్ల రిలే స్వర్ణం, 41.78 సెకన్లు: పాట్రీసియా జిరార్, మురియెల్ ఉర్తిస్, సిల్వియాన్ ఫెలిక్స్, క్రిస్టీన్ అరోన్.